నర్సమ్మ తినని ద్రాక్ష

ఈమధ్య నాకు దేనిమీదా పెద్దగా మనసు పోవడం లేదు. పొద్దున లేస్తే మోకాళ్ళు, మాపటికి నడుము. మదనపల్లెలో మా వీధి చివర నుంచి టమాటా లారీలు పోతుంటాయి. కింద పడి నలిగిన టమాటాల పులిసిన వాసన ఎండ ఎక్కేకొద్దీ ఇంట్లోకి వచ్చేస్తుంది. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే కంపు. ఏదో ఒకటి భరించాలి కదా అని తెరిచే ఉంచుతాను.

మా తమ్ముడి మనవరాలు ఆర్మేనియాలో డాక్టరు చదువుతోంది. ఇక్కడ సీటు దొరక్క, ఎవరో ఏజెంటు చెబితే పంపించారు. మా చుట్టుపక్కల నుంచి చాలామంది పిల్లలు అక్కడికే పోయారట. ఆదివారం ఆదివారం ముఖం కనిపించేట్టు ఫోను చేస్తుంది. మొన్న చేసినప్పుడు ఏదో పాతకాలపు రాతి చర్చి ముందు నిలబడి ఉంది. చుట్టూ జనం. గంపల నిండా ద్రాక్షగుత్తులు.

"అవ్వా, ఈ పొద్దు ఈడ ద్రాక్షల పండగ. అయ్యగారు మంత్రం చెప్పేదాకా ఒక్కరు కూడా కొత్త ద్రాక్ష నోట్లో పెట్టుకోరంట. మా ఓనరమ్మ నన్ను కూడా పిలుచుకోనొచ్చింది" అంది.

గుంపుకు ఎడంగా, గోడ పక్కన ఒక ముసలామె చేతిలో చిన్న గుత్తి పట్టుకుని కూర్చుని ఉంది. ఎవరామె అని అడిగాను. "కరాబాఖు నుంచి వచ్చేసినామె. ఆ పక్క యుద్ధం జరిగి మొత్తం జనమంతా ఇండ్లు వదిలి, కార్ల మీద పరుపులు కట్టుకొని వచ్చేసినారు గదా, వాళ్ళలో ఒకామె. మా ఓనరమ్మ ఇంట్లోనే ఉండాది. ఏమడిగినా మాట్లాడదు" అంది. తర్వాత ఫోను తిప్పి దూరంగా మంచు కప్పిన కొండ చూపించింది. అది వీళ్ళ కొండేనట, ప్రతి ఇంట్లో గోడకు దాని బొమ్మే ఉంటుందట, కానీ ఉన్నది మాత్రం సరిహద్దుకు అవతల, తుర్కీ దేశంలో.

"తెలుసులే" అన్నాను.

"నీకెట్ల తెలుసు?" అని పిల్ల ఆశ్చర్యపోయింది.

చెప్పే ఓపిక లేకపోయింది. నడుము లాగుతోందని చెప్పి ఫోను పెట్టేశాను. తర్వాత నిద్ర పట్టలేదు. అప్పుడు చెప్పనిదంతా ఇప్పుడు రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మా ఇల్లు పుంగనూరు రోడ్డులో ఊరి కొసన ఉండేది. ముందు చెనిక్కాయలు పోసుకునే కొట్టం, వెనక బావి, బావికి ఆనుకుని రెండు గదులు. ఆ గదులను మా నాయన ఒక తెల్ల ముసలామెకు అద్దెకిచ్చాడు. ఊరి బయట క్షయ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మా చిన్నాన్నకు ఆ జబ్బు వచ్చినప్పుడు ఆమే దగ్గరుండి చూసుకుంది. కొడుకును బతికించింది డాక్టర్లు కాదు, ఈమేనని మా అవ్వ నమ్మకం. అందుకని ఎంత మడి మనిషైనా అవ్వ నోరెత్తలేదు. నోరెత్తలేదంటే గదులు ఇవ్వడం గురించి. మిగిలిన అన్నిటి గురించీ బాగానే ఎత్తింది.

వీధిలో అందరూ ఆమెను దొరసానమ్మ అనేవాళ్ళు. ఆ మాటంటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది. "నేను దొరసానిని కాదప్పా. దొరలు మమ్మల్ని కాపాడతామని సెప్పి నడిమద్దెలో వదిలేసి పోయినారు. నన్ను నర్సమ్మా అను, సాలు" అనేది. ఆ ముఖానికీ ఆ మాటకూ పొంతన లేక కొత్తవాళ్ళు నోరు తెరుచుకుని నిలబడిపోయేవాళ్ళు. గుడ్లగూబ కళ్ళద్దాలు, తెల్లటి గౌను, కాళ్ళకు మేజోళ్ళు, నోట్లోంచి మాత్రం మా చౌడేపల్లె సంతలో వినిపించే తెలుగు.

మీ ఊరేదని అవ్వ అడిగితే మొదట్లో హయస్తాన్ అని చెప్పింది. ఆర్మేనియాను అక్కడివాళ్ళు పిలుచుకునే పేరు అదే. "పాకిస్తాన్ పక్కనా?" అంది అవ్వ. కాదు, చాలా దూరమని చెప్పడానికి నర్సమ్మకు ఒక మధ్యాహ్నం పట్టింది. వాళ్ళ దేశంలో ఒక ముక్క రష్యావాళ్ళ కింద ఉందనీ, తను పుట్టిన ఊరు ఆ ముక్కలో లేదనీ, తుర్కీవాళ్ళ పక్క ఉండిపోయిందనీ, అక్కడ ఇప్పుడు తనవాళ్ళెవరూ లేరనీ చెప్పింది. మా పెరట్లోంచి హార్స్లీ కొండ కనిపించేది. దాన్ని చూపించి, "ఆ కొండ పొద్దు లేస్తే మీ కండ్లకు కనపడుతుంది గదా, ఇంక దానిమీదికి ఎక్కకూడదు, అది మీది కాదు అంటే ఎట్లుంటాది అక్కా? మావోళ్ళకు అట్లుండాది" అంది. అవ్వ కొండవైపు కాసేపు చూసి, "ఎక్కితే మోకాళ్ళ నొప్పులు తప్ప ఏమొస్తాదిలే" అని లేచిపోయింది. ఆ మాట అప్పుడు నవ్వు తెప్పించింది కానీ ఇప్పుడు నా మోకాళ్ళకు అందులోని నిజం తెలుస్తోంది.

ఆమె గదుల్లోంచి వచ్చే వాసనలే వేరు. మా ఇంట్లో రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి, కాలిన చింతపండు వాసన. ఆ పక్క పుదీనా, నెయ్యి, ఎండబెట్టిన పండ్లు. మూడు రాళ్ళ మీద ఇనప బాణలి బోర్లించి, దానిమీద పంచెగుడ్డంత పలచటి రొట్టెలు కాల్చేది. వాటిని ఎండబెట్టి దొంతరగా పేర్చుకుని, కావాలన్నప్పుడు నీళ్ళు చిలకరిస్తే మళ్ళీ మెత్తబడేవి. రొట్టె ముక్క కింద పడితే తీసి, ముద్దు పెట్టుకుని, ఎవరూ తొక్కకుండా గోడ మీద పెట్టేది. అది చూడాలని నేనూ మా తమ్ముడూ కావాలని ముక్కలు జారవిడిచేవాళ్ళం. ఆమెకు తెలియదనుకునేవాళ్ళం. "ఇంకొక్కటి పడేస్తే ఈసారి మీ ఇద్దరి సెవులకు ముద్దు పెడతా, కొరికి" అని ఒకరోజు అన్నాక మానేశాం.

బావి పక్కన ఆమె ద్రాక్షతీగ పెంచింది. పందిరి వేసింది, ఎండిన కొమ్మలు కత్తిరించింది, బూడిద చల్లింది. లేత ఆకులు కోసి, వాటిలో బియ్యం, ఉల్లిగడ్డలు చుట్టి ఉడకబెట్టేది. మొదటిసారి మాకు పెట్టినప్పుడు ఆకులు మేయడానికి మేమేమన్నా మేకలమా అని అవ్వ విసుక్కుంది. తర్వాత ఎవరూ చూడకుండా గిన్నె ఖాళీ చేసింది. పండ్లు మాత్రం నర్సమ్మ ఒక్కటి కూడా తినేది కాదు. పిల్లలకు, పిట్టలకు, ఆసుపత్రిలో రోగులకు వెళ్ళిపోయేవి.

కాశీకి పోయినవాళ్ళు తమకు ఇష్టమైన పండో కాయో అక్కడ వదిలేసి వస్తారు. ఇక జన్మలో దాన్ని ముట్టరు. మా అవ్వ తోడికోడలు అట్లాగే గంగలో మునిగి ఆవేశంలో వంకాయ వదిలేసి వచ్చి, చచ్చేదాకా వంకాయ కూర వాసన వచ్చినప్పుడల్లా మొగుణ్ణి తిట్టింది. అవ్వ ఈ లెక్కనే అడిగింది. "ఏం నర్సమ్మా, నువ్వెప్పుడు పోయినావు కాశీకి? వదిలేదానికి ద్రాక్షే దొరికిందా నీకు?"

ఇద్దరూ కొట్టం అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నారు. నేను ఒలిచినవి ఒలిచినట్టు నోట్లో వేసుకుంటున్నాను.

"నేను వదల్లేదక్కా" అంది నర్సమ్మ. "మాకు శ్రావణంలో ఏసుతల్లి పండగ వస్తాది. ఆ ఆదివారం అయ్యోరు ద్రాక్షలకు మంత్రం సెప్తాడు. అంతదాకా కొత్త ద్రాక్ష తినకూడదు. మా ఊర్లో ఇంటింటికీ తోటే. పండినా ఎవురూ ముట్టరు, ఆ ఆదివారం కోసరం కాసుకోనుంటారు."

"ఈడ అయ్యోర్లు లేరా? మీ చర్చీలో?"

"వాళ్ళు వేరే. మా అయ్యోరే కావల్ల."

కాసేపు ఒలిచింది. తర్వాత చెప్పింది. ఏదో ధర చెప్పినట్టు, గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పింది.

"నాకు ఏడేండ్లుంటాయేమో. ఆ పండగకు నెల ముందర దండోరా ఏసిరి, ఊరు ఖాళీ సెయ్యండని. ముందర మొగోళ్ళను పట్టకపోయిరి. మా నాయన, మా పెద్దన్న. వాళ్ళు మళ్ళా రాలేదు. తర్వాత ఆడోళ్ళను, పిల్లోళ్ళను నడిపిచ్చిరి. యాడికో ఎవురికీ తెలీదు. దోవలో ఎవురిదో తోట. గుత్తులు నల్లగా పండుండాయి. ఆకలికి నేను సెయ్యి సాచినా. మా అమ్మ ఆ సేతిమీద ఒక్కటి కొట్టింది. అయ్యోరు ఇంకా మంత్రం సెప్పలేదు, ఆదివారం దాకా ఆగు, అంతలోకి ఇంటికి పోతాం అనింది."

"ఆదివారానికి పోయినారా?" అని నేనే అడిగాను.

"ఆదివారానికి మా అమ్మ లేదు పాపా."

ఆ తర్వాత సంగతులు ముక్కలు ముక్కలుగా తెలిశాయి. ఎడారిలో ఒక అరబ్బు ముసలామె ఆమెను గొర్రెల దొడ్లో దాచి బతికించిందట. యుద్ధం ముగిశాక డేరాల్లో ఉన్న అనాథల్లో కలిపారు. అక్కడినుంచి ఒక మిషను దొరసాని ఓడలో బొంబాయికి తెచ్చి, పెంచి, నర్సు చదువు చెప్పించి మా ఊరి ఆసుపత్రికి పంపింది. ఆ మిషనులో అందరూ మంచివాళ్ళే, కానీ ఆమె భాష మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. భాష కూడా అట్లాగే జారిపోయింది. అమ్మ ఆగమంది కాబట్టి ఆగడం ఒక్కటే మిగిలింది.

అవ్వ ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం మా అవ్వకు చేతకాని పని. అందుకే నాకు భయమేసింది.

ఆ యేడు శ్రావణంలో ఆసుపత్రి పెద్ద డాక్టరు మద్రాసు వెళ్ళి వచ్చి ఒక కబురు చెప్పాడు. మద్రాసులో ఆర్మేనియావాళ్ళ పాత చర్చి ఒకటి ఉందట. ఒకప్పుడు ఆ ఊర్లో వాళ్ళ వ్యాపారులు చాలామంది ఉండేవాళ్ళట. ఇప్పుడు ఎవరూ లేక తాళం వేసి ఉంటుంది, కానీ పండగకు కలకత్తా నుంచి వాళ్ళ అయ్యగారు వస్తున్నాడట. ఆ డాక్టరే నర్సమ్మ గుండె చూసి, ఇంకొక యేడు ఆగమని చెప్పలేనని మా నాయనతో అన్నాడు. నర్సమ్మకు ఆ మాట వినపడింది. ఆమె ఏడవలేదు, పందిరి కిందికి పోయి గుత్తులు చూసుకుంది.

"ఒక్కదానివే యాడ పోతావు? నేనొస్తాను. పాప కూడా వస్తాది, సంచి పట్టుకునేదానికి" అని అవ్వ తేల్చేసింది.

మా మేనత్త ఇల్లు కుప్పంలో. అక్కడ రాత్రికి ఆగి పొద్దున్నే మద్రాసు రైలు ఎక్కాలని ఏర్పాటు. తీగనుంచి మంచి గుత్తులు కోసి, గంపలో తడిగుడ్డ పరిచి, పైన ఆకులు కప్పి నర్సమ్మ ఒళ్ళో పెట్టుకుంది. పుంగనూరులో బస్సు చాలాసేపు నిలిపారు. ఆ ఊరి పొట్టి ఆవొకటి కిటికీ దగ్గరికొచ్చి ద్రాక్ష వాసనకు మూతి చాచింది. "నువ్వు కూడా ఆగల్ల" అంది దాన్ని నర్సమ్మ. నేనూ అవ్వా పడీపడీ నవ్వాం. ఆమె అంత తేలిగ్గా ఉండడం నేను అంతకుముందు చూడలేదు. కుప్పం చేరేదాకా సన్నటి తుంపర, తడిసిన మట్టి వాసన, బస్సులో ఎవరిదో వాంతి. అయినా నాకు పండగలాగే ఉంది.

కుప్పంలో మేనత్త కాళ్ళకు నీళ్ళిచ్చి, గంప చూసి ఇదేందని అడిగింది. అవ్వ అలసిపోయి, "దేవునికి సెప్పిచ్చేదానికి తీసకపోతాండాం" అని మాత్రం చెప్పి పడుకుంది. అంతే చెప్పింది.

తెల్లారి లేచేసరికి గంప లేదు. నర్సమ్మ గది గదీ వెతుకుతోంది. నేనూ మంచాల కింద దూరి చూశాను. అంతలో మేనత్త తలస్నానం చేసి, నుదుట ఇంత బొట్టుతో, చంకలో గంపతో వచ్చింది. గంపలో కొబ్బరిచిప్ప, పువ్వులు, కుంకుమ పడిన గుత్తులు. పండ్లు సగానికి సగం లేవు.

"గంగమ్మకు సెప్పిచ్చుకోనొచ్చినా" అంది సంబరంగా. "దేవుని కోసరం కోసిన పండ్లు రాత్రంతా ఊరికే పెట్టుకోకూడదు గదా. అందరికీ ప్రసాదం పంచినా. పూజారి ఎవురి పేరన్నాడు, నర్సమ్మ పేరని సెప్పినా. గోత్రమేందన్నాడు. తెలీక మా పుట్టింటి గోత్రం సెప్పినా."

మావాళ్ళలో తప్ప ఈ తప్పు ఎక్కడా జరగదు. దేవుడికని పండు బయల్దేరితే, ఏ దేవుడికి అని అడగడం మర్యాద కాదనుకునే మనుషులు మేము. అవ్వ కూతురిమీద విరుచుకుపడింది. "ఏమే, నీకు బుద్ధుండాదా? ఆ యమ్మ ఎన్నేండ్లుగా కాసుకోనుండాదో తెలుసా?" మేనత్తకు విషయం అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. కుంకుమ కడిగేద్దామని నేను చెంబు తెచ్చాను. ప్రసాదం కడగకూడదని అవ్వ చెంబు లాక్కుంది. మళ్ళీ కడగకపోతే ఎట్లా అని తనే ఇచ్చింది. ఏం చేయాలో ఆమెకే తెలియలేదు.

నర్సమ్మ గంప అందుకుని, మేనత్త తల నిమిరింది. "యాల ఏడుస్తావు? ఇన్నేండ్లు నాకు గోత్రం ఎవురూ ఇయ్యలేదు. పాండి, రైలుకు టైమవుతాంది" అంది.

మద్రాసులో ఆ చర్చి బజారు రద్దీ మధ్యన ఉంది. లోపల మాత్రం ఎవరూ లేరు. గన్నేరు చెట్లు, నేలమీద పరిచిన సమాధి రాళ్ళు, వాటిమీద నేనెప్పుడూ చూడని అక్షరాలు. ఒక తమిళ వాచ్‌మన్ తాళాల గుత్తితో వచ్చాడు. అవ్వకు అరవం బాగా వచ్చు, ఆమే మాట్లాడింది. అయ్యగారికి జబ్బు చేసిందట, రావడం లేదని కలకత్తా నుంచి తంతి వచ్చిందట. వచ్చే యేడు చూడాలట.

అవ్వ ఆ మాట తెలుగులో చెప్పలేక నిలబడింది. చెప్పనవసరం లేకపోయింది. నర్సమ్మ ఒక సమాధి రాయి దగ్గర కూర్చుని, దానిమీద అక్షరాల వెంబడి వేలు పోనిచ్చింది. చదువుతోందేమో అనుకున్నాను.

"ఏం రాసుండాది?" అని అడిగాను.

"నాకు సదవను రాదు పాపా. మా అమ్మ ఇంకా నేర్పియ్యలేదు."

చాలాసేపు అట్లాగే కూర్చున్నాం. పొద్దు వాలింది. గంపలో ద్రాక్షలు మెత్తబడి వాసన వస్తున్నాయి. చివరికి అవ్వే దగ్గరికి జరిగి, ఎప్పుడూ ముట్టుకోని మనిషి, ఆమె చేయి పట్టుకుంది.

"సూడు నర్సమ్మా, మీది తల్లి పండగ అన్నావు. మా గంగమ్మ కూడా తల్లే గదా. పూజారి నీ పేరు సెప్పినాడు, మా గోత్రం సెప్పినాడు. మంత్రం మంత్రమే. నా మాట ఇని రెండు కాయలు నోట్లో ఏసుకో. ఆ డాక్టరు ఏమన్నాడో నువ్వూ ఇన్నావు. ఇంకెప్పుడు తింటావు?"

నర్సమ్మ ఒక గుత్తి చేతిలోకి తీసుకుంది. ఒక పండు తుంచింది. తింటుందనే అనుకున్నాను. తినాలని నా ప్రాణం కొట్టుకుంది. ఆమె ఆ పండును వేళ్ళమధ్య తిప్పి తిప్పి చూసి నా నోట్లో పెట్టింది.

"గంగమ్మ మీద నాకు కోపం లేదక్కా" అంది. "మా ఇల్లు పాయె, ఊరు పాయె, మాట కూడా పాయె. మా అమ్మ సెప్పిన పనుల్లో నా దగ్గర ఇదొక్కటే ఉండాది. తినేస్తే ఇదీ అయిపోతాది."

ఆ గంపలో ద్రాక్షలన్నీ ఆమె తన చేత్తో నాకూ, అవ్వకూ, వాచ్‌మన్‌కూ పెట్టింది. తియ్యగా ఉన్నాయి. ఆ తీపి నాకు నచ్చలేదు.

మరునాడు తిరుగు రైలెక్కాం. అవ్వ ముఖం గంటు పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. ఆమెకు కోపం వచ్చింది. ఎవరిమీదో ఆమెకే తెలియని కోపం. జోలార్‌పేట దాటి ఎర్రనేలలు, బండలు కనిపించడం మొదలయ్యాక ఇక పట్టలేక నర్సమ్మ వైపు తిరిగింది.

"తినకపోతే మాన్లే. రేపు పైకి పోయినాక మీ అమ్మ కనపడి తిడుతుంది సూడు నిన్ను. అంత ఆకలిగా ఉంటే యాల తినలేదే పిచ్చిమొగమా, ఏదో ఆ పూటకు సెప్పిన మాట పట్టుకోని ఇన్నేండ్లు కూసోనుంటావా అని గడ్డి పెడుతుంది."

నర్సమ్మ కళ్ళద్దాలు తీసింది. నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"తిట్టనీ అక్కా" అంది. "మా అమ్మ మొగం నాకు గ్యాపకం లేదు. ఎదురొచ్చినా గుర్తుపట్టలేను. తిడితేనే గదా ఈమే మా అమ్మ అని తెలిసేది."

అవ్వ కొంగుతో ఆమె ముఖం తుడిచి, కళ్ళద్దాలు మళ్ళీ పెట్టింది.

మరుసటి యేడు శ్రావణం రాకముందే నర్సమ్మ పోయింది. ఆమె దేశం తర్వాత రష్యా కింద నుంచి బయటపడి సొంత దేశమైందనీ, ఆ సొంత దేశానికి కూడా సుఖం లేదనీ, ఇంకా జనం ఇండ్లు వదిలి నడుస్తూనే ఉన్నారనీ నేను పేపర్లో చదువుతూ వచ్చాను. అవ్వ పోయింది, మేనత్త పోయింది. చిన్నప్పుడు ఆ రైలులో విన్న మాట నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. ఇప్పుడు ఈ ఇంట్లో అందరూ నాతో మర్యాదగా మాట్లాడతారు. వేళకు తినకపోయినా, మాత్ర వేసుకోకపోయినా, మెల్లగా ఒకసారి చెప్పి వెళ్ళిపోతారు. పిచ్చిమొగమా అని నన్ను తిట్టగలిగిన మనిషి ఒక్కరూ ఈ భూమ్మీద మిగల్లేదు.